బింగో-ఒచియాయ్ జంక్షన్ కథ

జంక్షన్ అనగానే మనకి కాజీపేటో, గుంతకల్లో గుర్తొస్తుంది. అర్ధరాత్రి రెండింటికి దిగినా టీ కేకలు, దుప్పట్లు పరుచుకుని పడుకున్న కుటుంబాలు, "ఆ బండి ఏ ప్లాట్‌ఫాం మీదకండీ?" అంటూ పరుగులు. నేను చెప్పబోయే జంక్షన్‌లో మాత్రం రోజులో చాలాసేపు నరమానవుడు కనపడడు. టికెట్లమ్మే మనిషి కూడా లేడు. పేరు బింగో-ఒచియాయ్. జపాన్‌లో హిరోషిమా ప్రిఫెక్చర్ ఉత్తరపు కొండల్లో, షోబరా పరిధిలో ఉంటుంది.

బింగో అనేది ఆ ప్రాంతపు పాత పేరు. ఒచియాయ్ అంటే ఏరులు కలిసే చోటు. ఇక్కడ కలిసేవి రెండు రైలు మార్గాలు. హిరోషిమా నుంచి వచ్చి తూర్పుకి పోయే గేయిబీ లైను ఒకటి. ఉత్తరాన జపాన్ సముద్రం వైపు నుంచి కొండెక్కి వచ్చే కిసుకి లైను రెండోది.

స్టేషన్ తెరిచింది 1935 డిసెంబరు 20న. అప్పటికి పట్టాలు అక్కడితో ఆఖరు. 1936 అక్టోబరులో తూర్పు వైపు పట్టాలు వచ్చి కలిశాయి. 1937 డిసెంబరు 12న కిసుకి లైను కూడా కలిసి జంక్షన్ అయింది. ఆ కిసుకి లైను సంగతి ఒక్క ముక్క చెప్పాలి. ఇజుమో-సకానే అనే స్టేషన్ దగ్గర కొండ మరీ నిటారుగా ఉంటుంది. అందుకని బండి ముందుకెళ్ళి, ఆగి, వెనక్కి ఎక్కి, మళ్ళీ ఆగి ముందుకెక్కుతుంది. మన పిల్లలు అడ్డదిడ్డంగా రాసే 'జెడ్' అక్షరంలా అన్నమాట. అలా సుమారు 160 మీటర్లు ఎక్కితే మీఇనోహరా స్టేషన్ వస్తుంది. సముద్రమట్టానికి 727 మీటర్ల ఎత్తు, జేఆర్ వెస్ట్ మొత్తంలో ఇదే ఎత్తైన స్టేషన్. అక్కణ్ణించి దిగితే బింగో-ఒచియాయ్.

ఇంతకీ చుట్టూ పెద్ద ఊరంటూ లేని లోయలో జంక్షన్ ఎందుకు? నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసిందేమంటే, ఆ జంక్షన్‌తో జనం కంటే ఆవిరి ఇంజన్‌కే ఎక్కువ పని. కొండెక్కి వచ్చిన ఇంజన్‌కి నీళ్ళు పట్టాలి, బొగ్గు వెయ్యాలి, బూడిద దులపాలి, తిరుగు ప్రయాణానికి దాని మొహం ఇటు తిప్పాలి. ఈ చాకిరీ అంతటికీ మనుషులు కావాలి. మంచి రోజుల్లో ఈ స్టేషన్‌లో వంద మందికి పైగా పనిచేసేవారు. హిరోషిమా నుంచి మత్సుయే వైపు పోయే 'చిదోరి' ఎక్స్‌ప్రెస్ ఈ దారినే వెళ్ళేది. అందులో రాత్రి బండి కూడా ఉండేది. ప్లాట్‌ఫాం మీద అమ్మే వేడివేడి 'ఓదెన్ ఉడాన్' అంటే (పులుసులో లావుపాటి సేమ్యా లాంటిదనుకోండి) ఆ దారిన పోయేవాళ్ళు చెప్పుకునేవారట. మనకి మద్దూరు వడ ఎలాగో అలాగ.

1970లలో ఆవిరి ఇంజన్లు పోయాయి. డీజిల్ బండికి రెండు వైపులా డ్రైవర్ సీటు ఉంటుంది, మొహం తిప్పక్కర్లేదు. అంటే జనం తగ్గకముందే జంక్షన్‌కి పని తగ్గింది. కొండల్లోకి చుగోకు ఎక్స్‌ప్రెస్ హైవే వచ్చి 1983కల్లా పూర్తయింది. దూరం పోయేవాళ్ళు బస్సులూ కార్లూ ఎక్కారు. 1987లో ప్రభుత్వ రైల్వేని ముక్కలు చేసి కంపెనీలకిచ్చారు, ఈ లైను జేఆర్ వెస్ట్ వాటాకి వచ్చింది. 1990లో చిదోరి ఆగిపోయింది. 1997లో స్టేషన్‌లో చివరి ఉద్యోగి పోస్టు కూడా ఎత్తేశారు. ఇంజన్ని తిప్పే చక్రం మాత్రం గడ్డిలో అలాగే ఉంది.

ఇక అసలు గొడవకి వద్దాం. కోవిడ్‌లో నష్టాలొచ్చాక, 2022 ఏప్రిల్‌లో జేఆర్ వెస్ట్ జనం ఎక్కని లైన్ల లెక్కలు బయటపెట్టింది. అందులో తోజో నుంచి బింగో-ఒచియాయ్ దాకా 25.8 కిలోమీటర్ల ముక్క ఒకటి. 2017-19 సగటు ప్రకారం అక్కడ 100 యెన్‌లు సంపాదించడానికి 25,416 యెన్‌ల ఖర్చు! పేపర్లన్నీ ఈ అంకె పట్టుకున్నాయి. పట్టుకోవా మరి?

నాకు ఈ అంకె మీద అనుమానం. ఏడాదికి అక్కడ ఆదాయం దాదాపు 10 లక్షల యెన్‌లు, ఖర్చు దాదాపు 26 కోట్ల యెన్‌లు. కింద ఉన్న సంఖ్య సున్నాకి దగ్గరైతే భాగహారం ఎక్కడికైనా పోతుంది, అది మనకి చెప్పక్కర్లేదు కదా. నష్టం 26 కోట్లు అని చెబితే ఒకలా ఉంటుంది, 254 రెట్లు అంటే ఇంకోలా.

రెండోది, ఆ ముక్కలో రోజుకి నడిచేది పోను మూడు, రాను మూడు బళ్ళు. కొన్నిచోట్ల పట్టాల భద్రత కోసం గంటకి 25 కిలోమీటర్లే పోవాలి. ఇలా నడిపి జనం రాలేదంటే ఎలా? మూడోది నాకు ముఖ్యమైనది. లైనుని ముక్కలు కోసి, ఒక్కో ముక్కకి లాభనష్టాలు కడితే జంక్షన్ విలువ ఏ ముక్క ఖాతాలోనూ పడదు. మా ప్రాజెక్టులో ఒకసారి "వాడకం తక్కువ" అని ఒక మాడ్యూల్ పీకేశాం. మూడు నెలల తర్వాత క్వార్టర్ ముగింపు రోజు తెలిసింది, మూడు వేరే మాడ్యూళ్ళు దాని గుండానే మాట్లాడుకుంటున్నాయని :)

అలాగని కంపెనీని తిట్టడానికి నోరు రాదు. 2019లో ఆ ముక్కలో సగటున రోజుకి 11 మంది ప్రయాణించారు. పదకొండు మందికి బస్సు కూడా ఎక్కువే, ఒక వ్యాన్ చాలు. అక్కడి వాళ్ళకీ ఇది తెలుసు. వాళ్ళ భయం వేరే. పొరుగున మియోషి నుంచి గోత్సు దాకా 108 కిలోమీటర్ల సాంకో లైను 2018లో మూతపడింది. తర్వాత వంతు ఎవరిదో మ్యాప్ చూస్తే తెలుస్తుంది. 2023లో జపాన్ చట్టం మార్చింది. ఇలాంటి లైన్ల భవిష్యత్తు తేల్చడానికి కంపెనీ, స్థానిక పాలకులు, కేంద్రం కలిసి కూర్చోవాలని. దేశంలో మొట్టమొదటగా దాని కింద పెట్టింది గేయిబీ లైనులో 68.5 కిలోమీటర్లే, బింగో-ఒచియాయ్ దాని మధ్యలో ఉంది. మొదటి సమావేశం 2024 మార్చి 26న జరిగింది. మూడేళ్ళలో ఒక దారి చూడాలని అనుకున్నారు.

అన్నట్టు, ఆ స్టేషన్‌లో రోజుకొకసారి ఇప్పటికీ పాత కళ వస్తుంది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మియోషి వైపు నుంచి ఒకటి, తూర్పు నుంచి ఒకటి, కిసుకి లైను నుంచి ఒకటి, ఒంటిపెట్టె బళ్ళు మూడూ వచ్చి పక్కపక్కన ఆగుతాయి. కాసేపు ప్లాట్‌ఫాం మీద కెమెరాలు, పలకరింపులు. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన వచ్చినవాళ్ళకి పాత ఫోటోలు చూపించి, ఇంజన్ షెడ్డు ఎక్కడుండేదో చెప్పేవాడట. ఆ తర్వాత ఒక్కో బండీ కదిలి, ఒక్కో లోయలోకి వెళ్ళిపోతుంది.