న్యూ ప్లేస్ పునాదులు: షేక్స్పియరు గృహమును గూర్చిన విచారణ

ఆంగ్లదేశమున ఏవన్ నదీతీరమందలి స్ట్రాట్‌ఫర్డ్ పట్టణములో, ఛాపెల్ వీథి మూలయందు ఒక తోట కలదు. షేక్స్పియరు మహాకవి కొని నివసించిన ‘న్యూ ప్లేస్’ అను పెద్ద యింటి స్థలమదియే. నేడచట ఇల్లు లేదు. ఫ్రాన్సిస్ గాస్ట్రెల్ అను మతాచార్యుడు 1759లో కవిగృహమును కూల్పించెనని చిరకాలముగ జనశ్రుతి. ఈ మాట యెంతవరకు నిలుచునో మేమిచట విచారింపదలచితిమి.

ఈ గృహమును 15వ శతాబ్ది చివరిభాగమున హ్యూ క్లాప్టన్ అను వర్తకుడు కట్టించెను. 1540 ప్రాంతమున దీనిని చూచిన జాన్ లీలండ్, ఇది ఇటుకలతోను కలపతోను కట్టబడిన చక్కని యిల్లని వ్రాసియున్నాడు. షేక్స్పియరు దీనిని 1597లో కొనెను. ఆయన 1616లో మరణించెను. తరువాత 1702లో సర్ జాన్ క్లాప్టన్ ఈ యింటిని ఇంచుమించు సమూలముగ మార్చి నూతనరీతిని కట్టించెను. కావున గాస్ట్రెల్ కూల్పించినది కవి యెరిగిన యిల్లు కాదు. ఆ స్థలమున తరువాత వెలసినది. అయినను నింద యంతయు ఆయనపైననే పడినది. కవి స్వహస్తముతో నాటెనని ప్రతీతి గల మల్బరీ చెట్టును అతడు మునుపే నరికించి పట్టణవాసుల యాగ్రహమునకు పాత్రుడయ్యెను. ఆ యాగ్రహమే 1702 నాటి మార్పును జనులు మరచుటకు కారణమైనదని మాకు తోచుచున్నది.

మరి పాత యిల్లు ఎట్లుండెను? జార్జి వర్ట్యూ 1737లో దాని రూపమును గీచినాడు. కాని అప్పటికి ఆ రూపము మారి 35 సంవత్సరములు గడచినవి. ఆ చిత్రమునకు ఇతరుల జ్ఞాపకమే యాధారము. అందుచే భూమిని ప్రశ్నింపవలసివచ్చినది. 1860 తరువాతి సంవత్సరములలో హాలివెల్ అను పండితుడు త్రవ్వించి పునాదిగోడలను బయల్పరచెను. మట్టిపొరలను వేరువేరుగ గుర్తించు శాస్త్రపద్ధతి ఆనాటికి స్థిరపడలేదు. 2010 మొదలు 2015 వరకు జరిగిన త్రవ్వకములలో పొయ్యి, ఆహారపదార్థములను చల్లగ నిలువయుంచు గొయ్యి, పాత్రల పెంకులు కనబడుటచే వంటశాల యున్న తావు తెలియవచ్చినది. వీథి వైపున ఒక భాగము, వెనుక ముంగిలి, దానిచుట్టు గదులు గల విశాలగృహమిదియని పరిశోధకులు నిర్ణయించిరి. నాటకములు వ్రాసి ధనమార్జించిన కవి తన యూరిలో పొందిన స్థానమునకు ఈ పునాదులే సాక్ష్యము.

కవి మరణించి 400 సంవత్సరములు నిండిన 2016లో, ఇంటిని మరల కట్టింపక, ఆ స్థలమును తోటగా తీర్చి ప్రజలకు తెరచిరి. ఇది సముచితమని మా యభిప్రాయము. పునాది గది హద్దును చెప్పును గాని పైకప్పు సొగసును చెప్పదు. చెప్పనిదానిని ఊహతో కట్టి నిలిపినచో, కొలదికాలమునకు అదియే ప్రమాణమగును. జనశ్రుతిని పరిశోధకుడు త్రోసిపుచ్చరాదు. కాని దానిని తేదీలతోను మట్టితోను సరిచూడక తీర్పు చెప్పరాదు. గాస్ట్రెల్ చెట్టును నరికించిన దోషి కావచ్చును; కవి గృహమును రూపుమాపిన దోషి మాత్రము కాడు.