చెన్నపట్టణపు తెలుగు వైద్యులు: హస్తవాసి నుండి ప్రకటన వఱకు

చెన్నపట్టణమునకును తెలుగువారికిని గల సంబంధమును గూర్చి వ్రాయునప్పుడు మన వ్యాసకర్తలు సాధారణముగా 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీవారికి భూమి నిచ్చుటతో మొదలుపెట్టి, దుబాసీలను, వర్తకులను, పండితులను, ముద్రాపకులను స్మరించి, 1953 నాటి ఆంధ్రరాష్ట్రావతరణముతో ముగింతురు. వైద్యులకు ఈ వరుసలో చోటు తక్కువ. ఒకరిద్దఱి పేర్లు వచ్చినను, వారు పత్రికాధిపతులుగనో, దాతలుగనో, దేశభక్తులుగనో వత్తురే కాని వైద్యవృత్తిచే జీవించినవారుగ రారు. ఊరుగాని ఊరిలో, తాతతండ్రుల నెఱిగినవా డొక్కడును లేనిచోట, ఒక వైద్యుడు తలుపు తెఱచి కూర్చుండినచో మొదటి రోగి ఎట్లు వచ్చెను? తన్ను గూర్చి తాను ఎంతవఱకు చెప్పుకొనెను? ఎక్కడ ఆగెను? ఈ వ్యాసమున పరిశీలింపబూనిన విషయ మింతయే. ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని, వలసవచ్చిన జాతి పరాయి నగరమున నమ్మకమును సంపాదించుకొనిన విధమంతయు దీనిలో ఇమిడియున్నది.

పల్లెలో ఈ చిక్కు లేదు. అక్కడి వైద్యునకు పలకయు అక్కఱలేదు, ప్రకటనయు అక్కఱలేదు. 'హస్తవాసి' అను మాట తెలుగున ఒకటి కలదు. మందు ఎవ్వరిచ్చినను అదే మందు; కాని ఫలానివారి చేతిమీదుగా పుచ్చుకొనిననే గుణమిచ్చునని జనులు నమ్ముదురు. ఈ కీర్తిని వైద్యుడు తనకు తాను ఆపాదించుకొనలేడు. నయమైనవాడు చెప్పవలెను, విన్నవాడు మఱియొకనికి చెప్పవలెను. చెప్పినవాడెవడో, వాని రోగమెట్టిదో, అది నిజముగ కుదిరినదో లేదో ఊరివారికందఱకు తెలిసినదే గనుక అబద్ధమునకు ఆయువు తక్కువ. బసవరాజీయమును చేతబట్టిన పల్లెవైద్యుడు ధాన్యమో, కూరలో, పండుగనాడు పంచెలచాపో ప్రతిఫలముగ పుచ్చుకొని జీవితమును గడిపెను. ఆ ఏర్పాటును మిక్కిలి పొగడుటయు తగదు. పేరుపడిన వైద్యుని కుమారుడు విద్య రాకున్నను తండ్రి హస్తవాసిని ఆస్తివలె అనుభవించుట అక్కడ సామాన్యమే.

వైద్యుడు తన్ను గూర్చి తాను చెప్పుకొనుట అను విషయమున మన ప్రాచీనులు మౌనముగ నుండలేదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదితొమ్మిదవ అధ్యాయమున ప్రాణములను కాపాడు వైద్యుని, రోగములను పెంచు వైద్యుని వేర్వేఱుగ వర్ణించియున్నారు. రెండవవాని చిత్రమును చూచినచో అది నేటి వీథిలో గీసినదా యనిపించును. వైద్యవేషము ధరించి వాడు రోగులకై వీథుల తిరుగును. ఎవ్వరో జబ్బుపడిరని విన్నంతనే అక్కడ వ్రాలును. వినబడునంత దూరమున నిలిచి తన గుణములను తానే చాటుకొనును. అంతకుముందే చికిత్స చేయుచున్న వైద్యుని తప్పుల నెన్నును. రోగి స్నేహితులను మంచిమాటలతోను, చిన్న కానుకలతోను వశపఱచుకొనును. తనకు కావలసినది స్వల్పమే యనును. విమానస్థానమున శిష్యునకు చేయు ఉపదేశమునందు ఎంత తెలిసినను తన జ్ఞానమును గొప్పగా చెప్పుకొనరాదనియు, రోగి గృహమున చూచిన సంగతులను వెలుపల పలుకరాదనియు విధించిరి. ఈ రెండు నిషేధములును ఒకే ఉపదేశమున నుండుట గమనింపదగినది. వైద్యుడు తన్ను పొగడుకొనవలెనన్న రోగి కథ చెప్పక తప్పదు; రోగి కథ చెప్పినచో రహస్యము చెడును.

ఇక చెన్నపట్టణము. జార్జిటౌనులో కొత్వాలు చావడి ప్రాంతమున తెలుగు వైశ్యుల కన్యకాపరమేశ్వరీ దేవస్థానము కలదు. ఆ దేవస్థానము వారు ధర్మార్థముగ ఆయుర్వేద వైద్యశాలను నడపి, దానితోపాటు విద్యాలయమును నెలకొల్పిరి. దీనికి ప్రధానవైద్యులుగ వచ్చినవారు మచిలీపట్టణమున 1872లో జన్మించి, మైసూరున ఆయుర్వేదము నభ్యసించిన పండిత దివి గోపాలాచార్యులవారు. ప్లేగు దేశమును గడగడలాడించిన దినములలో హైమాదిపానకము, శతధౌతఘృతము అను ఔషధముల ద్వారా వారి పేరు వ్యాపించెను. అనంతరము ఆయుర్వేదాశ్రమము స్థాపించి జీవామృతము మొదలగు మందులను దూరప్రాంతములకు పంపిరి. 1920లో దివంగతులైరి.

ఆచార్యులవారి మార్గము వలసవచ్చిన వైద్యునకు దొరకిన తొలి మార్గము: ముందు ధర్మవైద్యము, పిమ్మట స్వంతవృత్తి. దేవస్థానపు అరుగుమీద కూర్చుండి ఉచితముగ చూచిన రోగులే ఆయనకు పల్లెజనుల వంటి సాక్షులైరి. కొత్వాలు చావడి బజారుకు నెల్లూరునుండియు, కడపనుండియు, గుంటూరునుండియు సరకుతో వచ్చిన వర్తకుడు వైద్యుని మాటను కూడ మూటగట్టుకొని పోయెను. సంఘపు ధర్మశాల వైద్యునకు జీతమును మాత్రమే గాక పూచీని కూడ ఇచ్చినది. ఇది అందఱకు లభించునది కాదు. తమ కులసంఘము, తమ దేవాలయము లేని వైద్యుడేమి చేయవలెను?

వానికి తపాలా దారి చూపెను. 1877లో హిందూదేశమున వి.పి.పి. పద్ధతి వచ్చినది. సరకు ముందు చేరును, తపాలాబంట్రోతు సొమ్ము పుచ్చుకొని కట్ట నిచ్చును. మఱి మూడేండ్లకు మనియార్డరు వచ్చెను. తెలుగు పత్రికలు, పంచాంగములు, కరపత్రములు అచ్చుపడుచుండెను. ఈ మూడును కలిసిన పిమ్మట వైద్యుడు రోగిని చూడకయే మందు పంపుట సాధ్యమయ్యెను. మేలునకును కీడునకును ద్వార మొక్కటే. నిజమైన మందు కోనసీమకు పోయిన దారినే సర్వరోగనివారిణి యని చెప్పుకొనిన ఉప్పునీరును పోయెను.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి కథ తెలుగువారికి కొత్త గాదు. కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱులో 1867లో జన్మించి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును స్థాపించిరి. కామాటిపురము పేరులోనే తెలుగు పనివారి జ్ఞాపకము నిలుపుకొనిన నగరమది. సంగీతసభలలో ఆ లేపనమును ఉచితముగ పంచిపెట్టిరని ప్రసిద్ధి. దీనిని కేవలము వర్తకపు నేర్పుగ భావింతురు గాని నాకు వేఱుగ తోచును. తలనొప్పికి రాచుకొను లేపనమును పరీక్షించువాడు కొనువాడే. నుదుట రాచుకొనిన కొలది నిమిషములలో తీర్పు వానిచేతనే యున్నది. మాదిరి పంచుటకంటె నిజాయితీగల ప్రకటన అట్టి వస్తువునకు వేఱొండు లేదు. కాని పంతులుగారు ఔషధవర్తకులు, చికిత్సకులు కారు. నాడి చూచువాడు తన చికిత్సను చెంచాడు మాదిరిగ సభలో పంచలేడు. ఈ భేదమును మఱచి అమృతాంజనపు విజయమును ప్రతి వైద్యునకు దారిదీపముగ చూపుట పొరపాటు.

పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగ ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగ నడపిరి. 1924లో భారతిని వెలయించిరి. లేపనపు లాభము సాహిత్యమునకు ఉపయోగపడినదని అందుము, అది నిజమే. ఆ పత్రికలు ఇంటింట చేరి లేపనపు పేరును కూడ చేర్చినవనుటయు అంతే నిజము. దాచవలసిన దేమియు ఇందులో లేదు.

డాక్టరు కోట నరసింహ కేసరిగారి విషయము మన ప్రశ్నకు మఱింత దగ్గఱిది. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్ళూరున 1875లో పుట్టి, పేదబాలుడుగ చెన్నపట్టణము చేరి, చదువుకొని, వైద్యుడై, రాయపేటలో కేసరికుటీరమును నెలకొల్పిరి. వారి 'నా చిన్ననాటి ముచ్చట్లు' నాటి చెన్నపురి తెలుగు జీవితమునకు అమూల్యమైన సాక్ష్యము. వారి పేరుతో విడదీయరానిది లోధ్ర, స్త్రీల వ్యాధులకు ఉద్దేశించిన మందు. లోధ్రమనగా మన లొద్దుగ చెట్టు. దాని పట్టను స్త్రీరోగములందు వాడుట ఆయుర్వేదమున పూర్వమునుండి యున్నదే.

నాటి గృహస్థుల యిండ్లలో స్త్రీ తన వ్యాధిని భర్తకే చెప్పుకొన సంకోచించెడిది. అత్తకు చెప్పినచో మాట బయటపడునేమో యని భయము. పురుషవైద్యుని యెదుట నిలుచుట ఇంకను కష్టము. లేడీడాక్టరు పెద్ద పట్టణములలో తప్ప దుర్లభము. ఇట్టి రోగులకు హస్తవాసి అను కీర్తిసాధనము పనికిరాదు. ఏలయన నయమైన యిల్లాలు నూతిగట్టున నిలిచి తన వ్యాధి ఇట్లు కుదిరినదని పదిమందితో చెప్పదు. నోటిమాట పోలేని చోటికి అచ్చుమాట పోవలసివచ్చెను. పత్రికలో చదివిన చిరునామాకు జాబు వ్రాసి తపాలాలో సీసా తెప్పించుకొనుట ఆమెకు గోప్యమైన మార్గము. ప్రకటనను నిందించువారు ఈ సంగతి నొకింత ఆలోచింపవలెను.

1928లో కేసరిగారు గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించిరి. లోధ్ర ప్రకటన దానిలో నుండెడిది. అయినను పత్రిక ప్రకటనకు తొడుగు మాత్రము కాలేదు. కనుపర్తి వరలక్ష్మమ్మగారి 'శారదలేఖలు' అందు వెలువడినవి. రచయిత్రులకు గృహలక్ష్మీ స్వర్ణకంకణమును బహూకరించు ఆచారము 1934లో వరలక్ష్మమ్మగారితోనే మొదలయ్యెను. స్త్రీలు మందు కొనువారుగ మాత్రమే గాక వ్రాయువారుగ, చదువువారుగ ఆ పుటలలో కనబడిరి. మందు అమ్ముడుపోవుటకే ఇదంతయు చేసిరని యనువారికి సమాధానము సులభము: మందు అమ్ముటకు బంగారు కంకణము అవసరములేదు. కాని కంకణపు కాంతిలో మందు గుణమును పరీక్షింపక నమ్మినవారు కూడ ఉండియుందురని ఒప్పుకొనవలెను. దాతృత్వము వైద్యుని సజ్జనుడని తెలుపును. మందు మంచిదని తెలుపదు.

డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి మార్గము వేఱు. పాశ్చాత్యవైద్యమున పట్టభద్రులై, గోపాలాచార్యులవారికి శిష్యులై ఆయుర్వేదము నేర్చి, చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలకు అధ్యక్షులైరి. యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళకపూర్వము ఆ కళాశాలలోనే బోధించిరి. లక్ష్మీపతిగారు ఆవడిలో ఆరోగ్యాశ్రమము నెలకొల్పి, ఉపన్యాసములచేతను గ్రంథములచేతను ఆహారవిహారములను బోధించిరి. రోగము రాకుండ బోధించువానియొద్దకు రోగము వచ్చినప్పుడు జనులు తామే పోవుదురు. 1962 వఱకు జీవించిరి.

ప్రభుత్వము ఇందు కలుగజేసికొనిన కథ క్లుప్తముగ చెప్పవచ్చును. 1914లో మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. రిజిస్టరైన డాక్టరు వృత్తిమర్యాద ననుసరించి ప్రకటన చేసికొనరాదు. ఆ పట్టికకు వెలుపలనున్న ఆయుర్వేదవైద్యునకు ఆ కట్టుబాటు లేదు. పట్టికలో చేర్పనందున కలిగిన స్వేచ్ఛయే ఆతనిని పత్రికాప్రకటనలవైపు నడపినదని నా అభిప్రాయము. ఈ స్వేచ్ఛను దుర్వినియోగము చేసినవారు పెరిగిన పిమ్మట, 1954లో అభ్యంతరకర ఔషధప్రకటనల చట్టమును పార్లమెంటు చేసెను. కొన్ని రోగములకు మందు కలదని ప్రకటించుటయే నేరమయ్యెను. 1959లో హమ్‌దర్ద్ దవాఖానా వ్యాజ్యమున సుప్రీంకోర్టు అందులో కొన్ని భాగములను కొట్టివేసినను చట్టము నిలిచెను. అల్లోపతి వైద్యులకు 2002 నాటి నియమావళి వృత్తి ప్రారంభించినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొంతకాలము లేకుండ పోయి తిరిగి వచ్చినప్పుడు, రుసుము తెలుపునప్పుడు, ఇట్టి సందర్భములలో మాత్రము పత్రికలో ప్రకటించుటకు అనుమతించినది. ఉన్నచోటును, ఉన్న వేళను చెప్పవచ్చును. తన గొప్ప చెప్పరాదు. చరకుని మాటకు ఇది మిక్కిలి దూరము కాదు.

కేసరిగారి నాటి చిక్కు తీరలేదు, చోటు మారినది. చెన్నైలో, బెంగుళూరులో స్వతంత్రముగ వృత్తి ప్రారంభించు మానసిక చికిత్సకులలో మన తెలుగు యువతీయువకులును ఉన్నారు. మనోవ్యథ కుదిరినవాడు, నాటి యిల్లాలివలెనే, ఆ సంగతి నలుగురిలో చెప్పడు. అతని పేరుతో పొగడ్త అచ్చువేయుట అతని రహస్యమును అమ్ముకొనుటయే. పూర్వపు ప్రకటనలలో 'యోగ్యతాపత్రములు' అను శీర్షికక్రింద రోగి పేరు, ఊరు, వ్యాధి అన్నియు అచ్చువేసెడివారు. ఇతర విషయములలో ఆ తరమువారిని గౌరవించుచునే, ఈ ఒక్క ఆచారమును నేను సమర్థింపజాలను. ఏయే బాధలకు చికిత్స చేయుదురో, ఎక్కడ చదివిరో, ఏ భాషలో మాటాడుదురో, రుసుమెంతయో చెప్పుట వేఱు. ఇందు 'ఏ భాషలో' అనునది పరాయి రాష్ట్రపు తెలుగువానికి చిన్న సంగతి గాదు. కడుపునొప్పిని తమిళమునను కన్నడమునను చెప్పగలవాడు కూడ దుఃఖమును చెప్పుకొనుటకు తల్లిభాషనే వెదకును.

ఈ చరిత్రకు ఆధారములు గ్రంథాలయములలోకంటె మన యిండ్ల అటకలమీదనే ఎక్కువ కలవు. అచ్చు అంటించిన పాత సీసాలు, వి.పి.పి. రసీదులు, మందుతోపాటు వచ్చిన పథ్యపు కాగితములు, పంచాంగముల వెనుకటి అట్టలు జార్జిటౌను యిండ్లు పడగొట్టునప్పుడు చెత్తలో పోవుచున్నవి. వైద్యకుటుంబములవారి యొద్ద రోగులు వ్రాసిన జాబులున్నచో వానిని కూడ కాపాడవలెను. పేరును, ఊరును చెరిపి తేదీని, వ్యాధిని, మందును మాత్రము ప్రతి వ్రాసికొని సంఘమునకు అందజేసినచో చాలును. అసలు జాబు ఆ యింటనే ఉండుట మంచిది.