తెలంగాణ కులగణన

ప్రభుత్వ సేవలు, స్థానిక పదవులు ఏ వర్గానికి ఎంతవరకు అందుతున్నాయో తేల్చడానికి ఇంటింటికీ తిరిగి కులాన్ని నమోదు చేయడమే కులగణన. ఇలాంటి ప్రశ్న మన ఒక్కరిదే కాదు. బ్రిటన్ 1991 జనగణనలో తొలిసారి జాతి మూలం అడిగింది. 2000లో చేసిన చట్టంతో జాతి సమానత్వాన్ని పెంచే బాధ్యతను స్థానిక కౌన్సిళ్ల మీద పెట్టింది. ఫ్రాన్స్ జనగణన మాత్రం నేటికీ ఆ ఊసెత్తదు.

మన దేశంలో అన్ని కులాల లెక్కలూ అచ్చయిన చివరి జనగణన 1931 నాటిది. స్వాతంత్ర్యం తర్వాతి జనగణనల్లో ఎస్సీ, ఎస్టీలను తప్ప ఇతర కులాలను విడిగా లెక్కపెట్టి ప్రకటించలేదు. ఓబీసీలు 52 శాతమని 1980లో మండల్ కమిషన్ చెప్పినప్పుడు చేతిలో ఉన్నవి ఆ పాత అంకెలే. లెక్క లేకుండానే వాటాలు పంచుకున్న కాలమది.

లెక్క తప్పనిసరి అయింది కోర్టుల వల్ల. 2010లో కృష్ణమూర్తి కేసులో, 2021లో మహారాష్ట్రకు చెందిన గవలీ కేసులో సుప్రీంకోర్టు బీసీ కోటాకు మూడు షరతులు పెట్టింది: స్థానిక సంస్థల్లో వెనుకబాటును ప్రత్యేక కమిషన్ అధ్యయనం చేయాలి, ఆయా సంస్థల వారీగా కోటా తేల్చాలి, మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదు. ఆ పరిమితి వల్లే 2019 తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో బీసీల వాటా 34 నుంచి సుమారు 23 శాతానికి తగ్గింది. గుజరాత్ కూడా 2022లో జస్టిస్ ఝవేరీ కమిషన్ వేసి, మరుసటి ఏడు స్థానిక సంస్థల్లో ఓబీసీ కోటాను 10 నుంచి 27 శాతానికి పెంచింది. ఇలాంటి కోటాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర జాబితాను బట్టే ఉంటాయి కాబట్టి, సూరత్ మగ్గాల మీద బతికే తెలుగు నేతవారికి అక్కడ వర్తించేది గుజరాత్ జాబితానే. ఒక రాష్ట్రంలో దక్కిన ఎస్టీ హోదా వలస వెళ్లిన చోట పనికిరాదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబం వేసిన కేసు.

తెలంగాణలో తొలి పెద్ద ప్రయత్నం 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే. ఊరు కదలని వారే కాదు, పొట్టకూటికి దూరం వెళ్లినవారూ ఆ రోజుకి ఇళ్లకు చేరారు. కానీ ఆ కుల లెక్కలు అధికారికంగా ప్రజల ముందుకు రాలేదు. శ్రమంతా బీరువాకే చేరింది.

రెండోది 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన లెక్క ప్రకారం సుమారు 3.54 కోట్ల మంది వివరాలు నమోదయ్యాయి. ముస్లిం బీసీలను కలుపుకొని బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతం. సుమారు 3 శాతం కుటుంబాలు లెక్కలోకి రాలేదు, ముఖ్యంగా హైదరాబాద్‌లో తలుపులు తెరుచుకోలేదు. బీసీల సంఖ్య తగ్గించారని ప్రతిపక్షం ఆరోపించడంతో, తప్పిపోయినవారికి అదే నెలలో మరో అవకాశం ఇచ్చారు.

ఆ అంకెల ఆధారంగా శాసనసభ 2025 మార్చిలో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం కోటా ఇచ్చే బిల్లును ఆమోదించింది. అదే కోటాతో సెప్టెంబరులో జీవో వచ్చింది. అక్టోబరు 9న దానిపై హైకోర్టు స్టే ఇచ్చింది. లెక్క ఎంత తేలినా 50 శాతం గీత మాత్రం కదల్లేదు. డిసెంబరులో మూడు విడతల్లో జరిగిన గ్రామ పంచాయతీ ఎన్నికలు ఆ గీతకు లోబడే జరిగాయి.