వీడియో గేములలో కారు పందెములు: సర్క్యూటును, ఓపెన్ వరల్డును

కారు నడుపుటనే ఆటగా చేసికొన్న వీడియో గేములు స్థూలముగా రెండు తెగలు. బయలుదేరిన చోటికే తిరిగివచ్చు వలయమువంటి బాటమీద, నిర్ణీతమైన చుట్లలో, ప్రత్యర్థులకంటెనో గడియారముకంటెనో ముందుగా గీత దాటవలసిన ఆట సర్క్యూటు రేసు. ఒక నగరమునో, ద్వీపమునో, దేశమునో వీథులతోను, కూడళ్లతోను, ఎదురువచ్చు వాహనములతోను నిర్మించి, ఎటు పోవలెనో ఎచట ఆగవలెనో ఆడువాని ఇచ్ఛకే విడిచిపెట్టినది ఓపెన్ వరల్డ్. ఈ రెంటికిని గల భేదమును స్థలవిస్తీర్ణమునుబట్టి చెప్పుట వాడుక. కాని వీని చరిత్రను పరికించినచో అంతకంటె చిన్నదైన లక్షణ మొకటి మొదటినుండియు ఈ తెగలను వేఱుచేయుచున్నట్లు కానవచ్చును: కారును వెనుకకు త్రిప్పవచ్చునా, త్రిప్పరాదా అనునదే అది. సర్క్యూటుమీద వెనుదిరిగినచో తెరమీద ‘రాంగ్ వే’ అను హెచ్చరిక మెఱయును. నగరములో వెనుదిరిగినవానిని అడుగువాడు లేడు.

తొలినాటి యంత్రములకు ఈ ప్రశ్నయే పుట్టలేదు. 1974లో అమెరికాలోని అటారీ సంస్థ వెలువరించిన గ్రాన్ ట్రాక్ 10 అను ఆర్కేడ్ యంత్రమునకు స్టీరింగు, గేరు, పెడళ్లు నిజమైన కారునకువలెనే అమర్చబడియుండెను గాని, తెరమీద కనబడునది నల్లని నేపథ్యముమీద తెల్లచుక్కలతో గీసిన వంకరవలయము మాత్రమే. పైనుండి చూచినట్లు కనబడు ఆ వలయమంతయు ఒక్క తెరలో ఇమిడిపోవలసియుండుటచే దానికి వెలుపల లోకమనునది లేకపోయెను. ఆ సంవత్సరమే జపానులో టైటో సంస్థకై తొమొహిరో నిషికాడో రూపొందించిన స్పీడ్ రేస్‌లో బాట పైనుండి క్రిందికి జారుచుండగా, కారు ఉన్నచోటనే నిలిచి ప్రక్కలకు మాత్రము తప్పుకొనుచుండెను. నాలుగేండ్ల పిమ్మట స్పేస్ ఇన్‌వేడర్స్‌ను సృష్టించి ప్రసిద్ధుడైనవాడు ఈ నిషికాడోయే. 1976 నాటి నైట్ డ్రైవర్ ఆడువానిని కారులోపల కూర్చుండబెట్టినది. చీకటిని గీయుటకు శ్రమ అక్కఱలేదు గనుక, దాని కర్తలు బాటకు ఇరుప్రక్కల తెల్లని గుంజలను మాత్రమే చూపి తక్కినదంతయు రాత్రియని నమ్మించిరి. అడుగున కనబడు కారు సైతము యంత్రము గీసినది కాదు, తెరమీద అమర్చిన బొమ్మ. లేమిని ఇంత చక్కగా కప్పిపుచ్చుకొన్న ఆట మఱొకటి అరుదు.

1982లో నామ్కో సంస్థ విడుదలచేసిన పోల్ పొజిషన్‌తో సర్క్యూటు రేసునకు స్థిరమైన రూపము కుదిరినది. కారును వెనుకనుండి చూచుట, అర్హతకై ముందుగా ఒక చుట్టు, పిమ్మట అసలు పందెము, బాటకు మూలముగా జపానులో నిజముగా ఉన్న ఫుజీ స్పీడ్‌వే: ఈ అంగములన్నియు తరువాతి తరములకు సంక్రమించినవే. ఆ బాటను చూపిన ఉపాయము ఎఱుగదగినది. తెరమీది చిత్రము అడ్డగీతల దొంతర. ఆ గీతలను ఒక్కొక్కదానినే కొంచెము కొంచెముగా కుడికో ఎడమకో జరుపుచు పోయినచో తిన్నని బాట మలుపు తిరిగినట్లు భ్రమ కలుగును. బాటప్రక్కనున్న ప్రకటన పలకను మొదట చిన్నదిగాను, క్రమముగా పెద్దదిగాను గీసినచో అది మనమీదికి వచ్చుచున్నట్లే తోచును. అనగా కారు ఎచటికిని పోవుట లేదు, బాటయే వచ్చుచున్నది. అట్టి బాటకు వెనుకవైపు లేదు. కారును వెనుకకు త్రిప్పరాదను నియమము నాడు నియమముగా పుట్టలేదు. త్రిప్పినచో చూపుటకు ఏమియు లేకపోవుటచే పుట్టినది.

ఈ భ్రమనే పరాకాష్ఠకు చేర్చి, అందులోనే విహారకాంక్షకు తావు కల్పించినది 1986లో సెగా సంస్థకై యూ సుజుకీ రచించిన అవుట్ రన్. ఎఱ్ఱని ఫెరారీ, ప్రక్కన ఒక యువతి, ఎదుట సముద్రతీరము. బయలుదేరుటకు ముందే కారు రేడియోలో మూడు పాటలనుండి ఒకదానిని ఎన్నుకొనవలెను. ఒక్కొక్క ఘట్టము చివర బాట రెండుగా చీలును. కుడికి పోయినవాడు ఒక భూమిని, ఎడమకు పోయినవాడు వేఱొక భూమిని చూచును. ఘట్టములు మొత్తము పదునైదైనను ఒక ప్రయాణములో అందునవి అయిదే, చేరదగిన గమ్యములును అయిదే. సుజుకీ దీనిని రేసు ఆటయనుటకు ఒప్పుకొనక, కారు నడుపు ఆటయని పిలిచెను. ఓడింపవలసిన ప్రత్యర్థి ఇందు లేడు, కాలమొక్కటే తఱుముచుండును. స్వేచ్ఛయనునది ఇందు చీలికయొద్ద ఒక్క క్షణమే లభించునట్టిది. అయినను ఆ క్షణము రుచి మరగినవారు తరువాత వలయముతో తృప్తిపడలేదు.

ఆశ్చర్యమేమనగా, ఆ సంవత్సరమే ఇంగ్లండులో డ్యూరెల్ సంస్థ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అను చిన్న గృహకంప్యూటరుకై టర్బో ఎస్‌ప్రీ అను ఆటను విడుదల చేసినది. మైక్ రిచర్డ్‌సన్ రచించిన ఈ ఆటలో నాలుగు నగరములు కలవు. వానిలో ట్రాఫిక్ లైట్లు, ఏకముఖ వీథులు, బాట దాటు పాదచారులు, మలుపునకు ముందు దీపము వెలిగించి సంకేతమిచ్చు ఇతర వాహనములు. మాదకద్రవ్యముల రవాణాదారులను పట్టుకొనుట కర్తవ్యము. కాని ఆ కర్తవ్యమును మఱచి ఎఱ్ఱదీపమువద్ద బుద్ధిగా ఆగి, పచ్చదీపము వెలిగిన పిదప ప్రక్కవీథిలోనికి తిరుగుటలోనే ఆడువారు ఆనందము కనుగొనిరి. ఇదంతయు 48 కిలోబైట్ల మెమరీలో! ఒక మామూలు ఫోటో నేడు ఆక్రమించు చోటుకంటె ఎన్నోరెట్లు తక్కువ జాగాలో ఒక నగరమును ఇమిడ్చిన ఆ రచయితకు చరిత్రకారులు ఇచ్చిన గౌరవము చాలదనియే ఈ వ్యాసకర్త అభిప్రాయము.

భ్రమయొక్క స్థానమును నిజమైన త్రిమితీయ స్థలము ఆక్రమించుటతో చిత్రము మాఱినది. అటారీవారి హార్డ్ డ్రైవిన్ 1989లోను, సెగావారి వర్చువా రేసింగ్ 1992లోను బహుభుజులతో బాటను, కొండను, కారును నిర్మించి చూపెను. వర్చువా రేసింగ్ యంత్రముమీద నాలుగు మీటలుండెడివి. ఒక్కొక్కటి నొక్కగా కారును లోపలనుండియు, వెనుకనుండియు, ఎత్తునుండియు చూడవచ్చును. బాటకు ఇప్పుడు వెనుకవైపు కలిగినది. ఇచటనుండి రెండు తెగలును రెండు దిక్కులకు నడచినవి.

సర్క్యూటు తెగ పోయిన దిక్కు యథార్థత. దీనికి ఆద్యులలో ఒకడగు జెఫ్ క్రామండ్ 1980ల నడుమ బీబీసీ మైక్రో కంప్యూటరుమీద రెవ్స్ అను ఆటలో సిల్వర్‌స్టోన్ బాటను గీసి, 1990ల తొలినాళ్లలో ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ ద్వారా ఒక సీజనునందలి సర్క్యూట్లనన్నింటిని గృహకంప్యూటరులోనికి తెచ్చెను. అమెరికాలో డేవిడ్ కేమర్ ప్రభృతుల పాపిరస్ సంస్థ 1998లో గ్రాండ్ ప్రీ లెజెండ్స్‌ను వెలువరించినది. 1967 నాటి ఫార్ములా వన్ కార్లను అనుకరించిన ఈ ఆట క్షమ యెఱుగదు, అలవాటులేనివాడు మొదటి మలుపువద్దనే కారును పల్టీకొట్టించుకొనును. ఆ కేమరే 2008లో మొదలైన ఐరేసింగ్‌నకు సహస్థాపకుడు. అందు నిజమైన సర్క్యూట్లను లేజరు కిరణములతో కొలిచి, తారుమీది చిన్న గతుకును సైతము విడువక తెరకెక్కించుచుందురు.

జనసామాన్యమునకు ఈ యథార్థతారుచి చూపినది మాత్రము 1997 డిసెంబరులో జపానులో ప్లేస్టేషనుకై విడుదలైన గ్రాన్ టురిస్మో. కజునోరి యమౌచి బృందము రచించిన ఇందులో దాదాపు 140 కార్లుండెను; అందులో అధికభాగము వీథులలో తిరుగు సామాన్యవాహనములే యగుట దాని రహస్యము. పెద్ద పందెములకు పోవలెనన్నచో ముందు లైసెన్సు పరీక్షలలో ఉత్తీర్ణుడు కావలెను: ఇంత దూరము పోయి గీతల నడుమ ఆగుము, ఈ ఒక్క మలుపును ఇన్ని సెకండ్లలో దాటుము, అని. తొమ్మిదవమారు సైతము సెకండులో పదియవవంతుతో తప్పి, మరల అదే మలుపునకు సిద్ధపడువాని ముఖము చూచినవారికి సర్క్యూటు రేసుయొక్క సారము బోధపడును. తెలియని తావును చూచుట కాదు, తెలిసినదానినే ఇంకను బాగుగా తెలిసికొనుట అందలి రసము. వేదపాఠశాలలో వల్లెవేయుటకును దీనికిని పోలిక చెప్పినచో తప్పుకాదు. ఈ అభ్యాసము తెర దాటి నిలిచినట్లు నిదర్శనమును కలదు: గ్రాన్ టురిస్మో ఆటగాండ్రనుండి చోదకులను ఎంపికచేయుటకు 2008లో జరిగిన పోటీలో గెలిచిన స్పెయినుదేశీయుడు లూకాస్ ఓర్డోనెజ్, 2011 నాటి ల మాన్ 24 గంటల పందెములో తన తరగతిలో ద్వితీయస్థానము పొందెను. మన దేశమునకు సంబంధించిన విశేష మొకటి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూటుమీద మొదటి ఫార్ములా వన్ పందెము 2011 అక్టోబరు 30న జరిగినది. కోడ్‌మాస్టర్స్ వారి ఎఫ్1 2011 ఆట అంతకు నెలరోజుల ముందే ఆ బాటతో విడుదలైనందున, ఫార్ములా వన్ చోదకుడు వెట్టెల్‌కంటె ముందుగా ఆ సర్క్యూటును చుట్టివచ్చిన పిల్లలు వేలకొలది ఉండిరి.

రెండవ తెగ పోయిన దిక్కు నగరము. 1997లో స్కాట్లండులోని డండీ పట్టణమున డీఎమ్‌ఏ డిజైన్ సంస్థవారు వెలువరించిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో మొదట రేస్ ఎన్ చేజ్ అను పేరుతో పందెములు, పోలీసుతఱుములు గల ఆటగా మొదలైనది. నిర్మాణదశలో పోలీసుకార్లు మితిమీరిన ఆవేశముతో మీదపడుటయే అన్నింటికంటె వినోదముగా నుండుటచే ఆట దారి మాఱెను. 1999 ఈ చరిత్రలో గొప్ప సంవత్సరము. ఏంజెల్ స్టూడియోస్ మైక్రోసాఫ్ట్‌కై నిర్మించిన మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్ షికాగో నగరమును, పైకి లేచు వంతెనలతోసహా, ఆడువానికి అప్పగించినది. కారు ఎంత మీదికి వచ్చినను అందలి పాదచారులు చివరిక్షణమున ప్రక్కకు దూకి బ్రతికిపోవుదురు. ఆ ఏడే ఇంగ్లండులోని రిఫ్లెక్షన్స్ సంస్థ డ్రైవర్‌ను విడుదలచేసినది. నగరములోనికి అడుగిడుటకు ముందు ఒక ఇఱుకైన కారుషెడ్డులో అఱువది సెకండ్లలో కొన్ని విన్యాసములు చేసిచూపవలెను. ఈ పరీక్షవద్దనే ఆట మానివేసినవారు పెక్కుమంది. ఆ విన్యాసములలో నూటయెనుబది డిగ్రీలు తిరుగుట ఒకటి, వెనుకకు నడుపుచునే అట్లు తిరుగుట మఱొకటి. సర్క్యూటుమీద దోషమైనది ఇచట విద్యయైనది.

2001లో వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో 3 పిదప ఇట్టి నగరము ఆటలకు రివాజైనది. అంత పెద్ద నగరము ఒక్కమారు మెమరీలో పట్టదు; ఆడువానికి చేరువలోని వీథులను డిస్కునుండి చదివి తెచ్చుచు, దూరమైనవానిని తుడిచివేయుచు యంత్రము నిరంతరము శ్రమించుచుండును. వెనుదిరిగిపోయినచో తుడిచినదానినే మరల చదివి నిలబెట్టును. దాని తరువాతి భాగమగు వైస్ సిటీయు, అంతకు పూర్వపు రోడ్ రాష్, నీడ్ ఫర్ స్పీడ్ ఆటలును తెలుగునాట ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు ఇంతయని చెల్లించి ఒక తరము ఆడినవి. ‘మిషన్’ సంగతి మఱచి బైకుమీద సముద్రపుటొడ్డున ఊరక తిరుగుచు గంట పూర్తిచేసిన కుఱ్ఱవాండ్రు ఆ తరములో కొల్లలు.

రెండు తెగలును ఎదురుపడి పోరాడిన చోటు చూడవలెనన్నచో 2002 నాటి మాఫియా చాలును. చెక్ దేశపు ఇల్యూజన్ సాఫ్ట్‌వర్క్స్ రచించిన ఈ ఆటలో 1930ల నాటి ఊహానగరమొకటి కలదు. అందు వేగపరిమితి దాటినను, ఎఱ్ఱదీపమును లెక్కచేయకపోయినను పోలీసులు ఆపి జరిమానా వ్రాయుదురు. అట్లు నెమ్మదిగా నడుపుటకు అలవాటుపడినవానిని కథ నడుమ హఠాత్తుగా పందెపు కారులో కూర్చుండబెట్టి, సర్క్యూటుమీద ప్రథమస్థానము రానిదే కథ ముందుకు సాగదందురు. ఆ ఘట్టము ఎందఱో ఆటగాండ్రకు నేటికిని పీడకల.

నగరమునుండి దేశమునకు విస్తరించుట పిదపటి కథ. ఫ్రాన్సులోని ఈడెన్ గేమ్స్ 2006లో టెస్ట్ డ్రైవ్ అన్‌లిమిటెడ్‌లో హవాయిలోని ఓఆహూ ద్వీపమును పదునాఱువందల కిలోమీటర్లకు పైబడిన బాటలతో నిర్మించినది. 2008 నాటి బర్న్ అవుట్ ప్యారడైజ్‌లో మెనూలు త్రోసివేసి, ఏ కూడలిలోనైనను దీపమువద్ద ఆగి ఆక్సిలరేటరును బ్రేకును కలిపి నొక్కినచో పందెము మొదలగునట్లు చేసిరి; ఏ వీథిన పోయినను గమ్యము చేరుటయే ప్రధానము. ఈ స్వేచ్ఛ వచ్చినదేగాని, వేగముగా పోవుచు పటము చూచుకొనలేక మలుపు తప్పినవారు, ఓడినచో మరల మొదటి కూడలికి తిరిగిపోవలసివచ్చుచున్నదని మొఱపెట్టగా, పందెమును తిరిగి ప్రారంభించు సౌకర్యమును తరువాతి సవరణలో చేర్చిరి. ఇందలి వైచిత్రి ఏమనగా, ఓపెన్ వరల్డులో పందెము పెట్టవలసివచ్చినప్పుడెల్ల బాణపుగుర్తులు, అడ్డుకట్టలు, దాటవలసిన తోరణములు కల్పించి, విశాలలోకములో మరల ఒక సర్క్యూటునే గీయవలసివచ్చుచుండును. 2012లో కొలరాడోతో ఆరంభించి, దక్షిణ ఐరోపా, ఆస్ట్రేలియా, బ్రిటను, మెక్సికోలకు సాగిన ఫోర్జా హొరైజన్ ఈ సంధిని అందఱికంటె నేర్పుతో కుదిర్చినది. దాని తోబుట్టువగు ఫోర్జా మోటార్‌స్పోర్ట్ సర్క్యూటు ఆట. కారు నడక రెంటికిని ఒక కుదురునుండి వచ్చినదే. సర్క్యూటు ఆటలును ఊరకుండలేదు: 2008లో గ్రిడ్ అను ఆట, కారు చెడినపుడు కొన్ని క్షణములు వెనుకకు జరిపి మరల నడుపు సదుపాయము ప్రవేశపెట్టినది. బాటమీద వెనుదిరుగరానివానికి కాలములో వెనుదిరుగు హక్కు లభించినది.

విస్తారమునకు చెల్లింపవలసిన వెల వేఱొకటి కలదు. ఓపెన్ వరల్డ్ తఱచుగా భూమిని కుదించునేగాని కొలువదు. 2014లో ఐవరీ టవర్ నిర్మించిన ది క్రూలో అమెరికా సంయుక్తరాష్ట్రములు ఒక తీరమునుండి మఱొక తీరమునకు గంటసేపటిలో దాటదగినంతగా ముడుచుకొన్నవి. లేజరుతో కొలిచిన సర్క్యూటులో అంగుళము తగ్గదు. ఆ ముడుచుకొన్న అమెరికా, ప్రచురణసంస్థవారి సర్వరునకు ముడివడియుండుటచే, 2024 మార్చి 31న సర్వరును ఆపివేయగా, డిస్కు చేతనున్నవారికిని ఆ బాటలు మూతబడినవి. కొన్న ఆటను ఇట్లు నిలిపివేయరాదను అంతర్జాతీయ ఉద్యమము దానినుండియే పుట్టినది. సర్క్యూటు ఆట గతి వేఱు: బుద్ధ్ సర్క్యూటుమీద 2013 తరువాత ఫార్ములా వన్ పందెము జరుగలేదు. ఎఫ్1 2011 డిస్కులో మాత్రము ఆ అయిదు కిలోమీటర్ల బాటమీద పచ్చదీపము నేటికిని వెలుగుచున్నది.