కెంపులో పుట్టిన లేసర్

కెంపు ఎర్రగా కనిపించుటకు కారణము దానిలోని మలినమే. శుద్ధమైన అల్యూమినియం ఆక్సైడు స్ఫటికము నీటివలె నిర్మలముగా, రంగు లేకుండ ఉండును. ఈ ఖనిజమునకు ఇంగ్లీషులో గల 'కోరండం' అను పేరు దక్షిణ దేశ భాషలలోని కురుందము, కురువిందము అను మాటల నుండి పోయినదే. ఆ స్ఫటికములో అల్యూమినియమునకు బదులు అక్కడక్కడ క్రోమియం చేరినచో అది కెంపగును. క్రోమియం ఆకుపచ్చ, ఊదా రంగుల కాంతిని గ్రహించి ఎరుపును విడిచిపెట్టును. అంతేకాక, గ్రహించిన శక్తిలో కొంత భాగమును తానే ఎర్రని కాంతిగా వెలువరించును. దీనిని ప్రతిదీప్తి అందురు. 1960వ సంవత్సరము మే 16వ తేదీన ప్రపంచములో మొట్టమొదటి లేసర్ కాంతి ఈ ప్రతిదీప్తి నుండియే పుట్టినది. వింత యేమనగా, అంతకు ఎనిమిది నెలల ముందు ఈ రంగములో మిక్కిలి పేరుగల శాస్త్రజ్ఞుడొకడు కెంపు ఆ పనికి రాదని సభాముఖమున చెప్పి యుండెను.

ఆయన అట్లేల చెప్పెనో తెలియవలెనన్న లేసర్ సూత్రమును కొంచెము విచారింపవలెను. పరమాణువు కాంతిని గ్రహించినపుడు దిగువ శక్తి స్థాయి నుండి ఎగువ స్థాయికి పోవును. కొంతసేపటికి తనంతట తాను దిగివచ్చుచు ఒక కాంతికణమును, అనగా ఫోటానును, విడుచును. మన యింటి దీపములలో జరుగునది ఇదే. ఏ పరమాణువు ఎప్పుడు దిగునో, ఏ దిక్కునకు ఫోటానును విడుచునో నియమము లేదు. సంతలోని కేకలవలె ఒకదానికి ఒకదానితో పొత్తు కుదరదు. 1916లో ఐన్‌స్టైన్ మరియొక మార్గము కలదని చూపెను. ఎగువ స్థాయిలో నున్న పరమాణువు ప్రక్కగా సరియైన శక్తిగల ఫోటాను పోయినచో, ఆ ప్రేరణ వలన పరమాణువు దిగివచ్చి రెండవ ఫోటానును విడుచును. ఈ రెండవది మొదటిదాని దిశలోనే, అదే తరంగ దైర్ఘ్యముతో పోవును. రెండింటి దశయు ఒకటేయని తరువాత వచ్చిన క్వాంటం సిద్ధాంతము తెలిపినది. ఒకటి రెండై, రెండు నాలుగై కాంతి పెరుగుచు పోవును. దీనికే ప్రేరిత ఉద్గారమని పేరు.

చిక్కు ఎక్కడ నున్నదనగా, సాధారణ పరిస్థితులలో పరమాణువులు దాదాపుగా అన్నియు దిగువ స్థాయిలోనే ఉండును. అవి ఫోటానులను మ్రింగునే గాని పెంచవు. ఎగువ స్థాయిలోని పరమాణువుల సంఖ్య దిగువ స్థాయిలోని సంఖ్యను మించవలెను. దీనిని సంఖ్యా విలోమము అందురు. ప్రకృతి స్వభావమునకు ఎదురీదుట వంటి ఈ పని ముప్పదియేండ్లకు పైగా ఎవరికిని సాధ్యము కాలేదు.

మొదట ఇది సాధ్యమైనది కాంతితో కాదు, సూక్ష్మ తరంగములతో. 1954లో కొలంబియా విశ్వవిద్యాలయములో టౌన్స్, ఆయన అనుచరులు గోర్డన్, జైగర్ అమ్మోనియా అణువులలో ఎగువ స్థాయి వానిని విద్యుత్ క్షేత్రముతో వేరుచేసి, ఒక లోహపు పెట్టెలోనికి పంపి, 1.25 సెంటీమీటర్ల తరంగములను పుట్టించిరి. ఆ పరికరమే మేసర్. మాస్కోలో బాసోవ్, ప్రోఖొరోవ్ అదే కాలమున అదే దారిన నడచిరి. కాని కాంతి తరంగము సెంటీమీటరులో పదివేలవ వంతు కూడ ఉండదు. అంత చిన్న పెట్టెను చేయుటెట్లు? పెట్టె అక్కరలేదు, ఎదురెదురుగా రెండు అద్దములుంచిన చాలునని 1958లో షాలో, టౌన్స్ ఒక వ్యాసములో చూపిరి. గోర్డన్ గూల్డ్ అను విద్యార్థి 1957 నవంబరులోనే ఇట్టి ఊహను తన నోటుపుస్తకములో వ్రాసికొని 'లేసర్' అను పేరు కూడ పెట్టెను. ఈ పేటెంటు తగాదా ఏండ్ల తరబడి సాగి, 1977లో గాని అతనికి ముఖ్యమైన తొలి పేటెంటు లభింపలేదు.

ఇక పందెము మొదలైనది. 1959 సెప్టెంబరులో న్యూయార్కు రాష్ట్రమున జరిగిన సభలో షాలో కెంపును గూర్చి మాటలాడెను. కెంపులో క్రోమియం కాంతిని గ్రహించి పైకి పోయి, అక్కడినుండి ఒక మితస్థిర స్థితికి జారి, సుమారు మూడు మిల్లీసెకండులు నిలిచి, పిదప ఎర్రని కాంతి విడుచుచు నేరుగ భూస్థాయికే దిగును. పరమాణువులన్నియు సహజముగ నుండు చోటు భూస్థాయియే గనుక, సంఖ్యా విలోమము రావలెనన్న సగమునకు పైగా పరమాణువులను పైకెత్తవలెను. ఇంత కాంతి ఏ దీపమిచ్చును? దీనికి తోడు, కెంపు గ్రహించు ప్రతి నూరు ఫోటానులకు ఒక్కటి మాత్రమే ఎర్రని ఫోటానుగా బయటపడునని వీడర్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగము వలన ప్రచారములోనికి వచ్చినది. ఈ రెండును విన్నవారు కెంపును ప్రక్కకు నెట్టిరి.

కాలిఫోర్నియాలో హ్యూస్ పరిశోధనాలయమున థియొడోర్ మైమన్ అను భౌతిక శాస్త్రజ్ఞుడుండెను. ఆయన కెంపుతో పనిచేయు మేసర్ ఒకటి సైన్యము కొరకు నిర్మించి యున్నందున ఆ రాతి గుణము బాగుగ నెరుగును. నూటికి ఒకటి యన్న అంకె ఆయనకు మ్రింగుడు పడలేదు. మిగిలిన తొంబదితొమ్మిది ఫోటానుల శక్తి ఎక్కడికి పోవుచున్నది? ఆ దారి తెలిసినచో కెంపును మించిన స్ఫటికమును వెదకవచ్చునని తలచి తానే కొలిచి చూచెను. శక్తి ఎక్కడికిని పోవుట లేదు. నూటికి ఒకటి కాదు, సుమారు 75 వచ్చినది. అచ్చుపడిన అంకెయే తప్పు. అంతటి కీలకమైన అంకెను అంతమంది తిరిగి కొలువక నమ్ముట ఆశ్చర్యమే.

సగమునకు పైగా ఎత్తవలెనను చిక్కు మాత్రము మిగిలినది. ఎడతెగని కాంతి అక్కరలేదు, క్షణకాలము తీవ్రమైన కాంతియున్న చాలునని మైమన్ లెక్క కట్టెను. ఫోటోగ్రాఫర్లు వాడు జెనాన్ మెరుపు దీపము అందుకు తగినది. స్ప్రింగువలె చుట్టలు తిరిగిన గాజు గొట్టముగా దొరకిన దానిని తెచ్చి, నడుమ రెండు సెంటీమీటర్ల పొడవుగల లేత గులాబిరంగు కెంపు కడ్డీని నిలిపెను. కడ్డీ రెండు కొనలకు వెండిపూత. ఒక పూత నడుమ కాంతి వెలువడుటకు చిన్న రంధ్రము. చుట్టును మెరుగుపెట్టిన అల్యూమినియం తొడుగు. మొత్తము అరచేతిలో ఇమిడిపోవును.

మే 16న మైమన్, ఆయన సహాయకుడు డీహేనెన్స్ దీపపు వోల్టేజిని మెల్లగా పెంచుచు ఆసిలోస్కోపు తెరను చూచుచుండిరి. మొదట కెంపు కాంతి నిదానముగ తగ్గుచుండెను. మితస్థిర స్థితి లక్షణమదియే. సుమారు 950 వోల్టులు దాటగానే తెరపై గీత ఒక్కసారిగ ఎగసి, తగ్గుదల కూడ వేగముగ జరిగెను. పరమాణువులు తమ వంతు కొరకు వేచియుండక ప్రేరణ వలన గుంపుగ దిగుచున్నవనుటకు ఇది గుర్తు. వెలువడిన కాంతి తరంగ దైర్ఘ్యము 6943 ఆంగ్‌స్ట్రాములు, అనగా 694.3 నానోమీటర్లు.

మైమన్ పంపిన వ్యాసమును అమెరికా భౌతిక శాస్త్ర పత్రికయైన 'ఫిజికల్ రివ్యూ లెటర్స్' త్రిప్పి పంపెను. మేసర్లను గూర్చిన వ్యాసములు అప్పటికే విసుగు పుట్టించినవట! చివరకు ఆగస్టు 6న 'నేచర్' పత్రికలో మూడువందల మాటల లోపు వ్యాసము వెలువడినది. అంతకు ముందే, జులై 7న, న్యూయార్కులో పత్రికలవారికి సంగతి తెలిపిరి. వార్తాపత్రికలు దీనిని 'మృత్యుకిరణ'మని వ్రాసినవి. అసలు పరికరము మరీ చిన్నదిగా కనిపించుటచే ప్రచురణకు పెద్ద దీపముగల వేరొక దాని ఫోటో తీసిరి. ఇతర ప్రయోగశాలల వారు ఆ ఫోటోను చూచి, అంతంత పెద్ద దీపములతోనే లేసర్లు చేసికొనిరి. 1964 నోబెల్ బహుమానము టౌన్స్, బాసోవ్, ప్రోఖొరోవ్‌లకు వచ్చినది. మైమన్ 2007లో మరణించు వరకు అది ఆయనను వరించలేదు. దారి చూపినవారిని గౌరవించుట యుక్తమే గాని, ఊరు చేరినవానిని విడుచుట న్యాయమనిపించదు.

అదే 1960 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో జావన్, బెనెట్, హెరియట్ హీలియం, నియాన్ వాయువులతో ఎడతెగక వెలుగు లేసరును చేసిరి. అక్కడనే 1964లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడు లేసరును కనుగొనెను. నేటికిని కర్మాగారములలో దానిని కోతపనికి వాడుచున్నారు.

భారతీయులకు లేసర్ వలన ఒనగూడిన సంతోషము మరియొకటి కలదు. 1928లో రామన్ కనుగొన్న ఫలితమును పరిశీలించుటకు అంతవరకు పాదరసపు దీపమే గతి. మసక గీతల కొరకు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి ఫోటోపలకను తెరచి ఉంచవలసి వచ్చెడిది. వాల్తేరులో సూరి భగవంతం గారు 1930 దశకమున పరిశోధనలు సాగించినది ఇట్టి దీపముల కాలముననే. 1962లో పోర్టో, వుడ్ కెంపు లేసరుతో రామన్ వర్ణపటమును తీసి చూపిరి. క్రమముగ పాదరసపు దీపములు మూలబడినవి.

కెంపు లేసరు కూడ మేలైన వానికి చోటిచ్చినది. 1969 ఆగస్టు 1న చంద్రునిపై అపోలో యాత్రికులుంచిన అద్దముల నుండి తొలి ప్రతిఫలనమును పట్టినది కెంపు కాంతియే. నేడు దానికి మిగిలిన పనులలో పచ్చబొట్లు తొలగించుట ఒకటి. ఆకుపచ్చ, నీలి సిరాలు ఎర్రని కాంతిని గ్రహించి ముక్కలగును. ఎర్రసిరాపై ఆ కాంతికి పట్టు తక్కువ.