‘దాత’ గడిలో ఎవరి పేరు?

ఊరి చరిత్రకి చిన్న మ్యూజియం పెడతామంటే ఎవరైనా ముందు భవనం సంగతే అడుగుతారు. మార్కాపురంలో మేం కొందరు స్నేహితురాళ్ళం ఈ పనికి పూనుకున్నప్పుడు కూడా “స్థలం ఎక్కడమ్మా? ఎమ్మెల్యేగారిని కలిశారా?” అన్నవాళ్ళే ఎక్కువ. స్థలం లేదు. ఒక స్నేహితురాలి ఇంట్లో వాడకుండా పడివున్న వీధిగది ఉంది. రెండు ఇనప బీరువాలు, గట్టి అట్ట రిజిస్టర్ ఒకటి కొన్నాం. వరుస సంఖ్య, తేదీ, వస్తువు, కొలతలు, ఏ ఊరిది, ఎవరు వాడారు, దాత పేరు అని గళ్ళు గీసుకున్నాం.

చిక్కంతా ఆఖరి గడి దగ్గరే వచ్చింది. విసుర్రాయి, మానిక, పాత బొంతలు, పచ్చళ్ళ జాడీలు, పెళ్ళి ఖర్చుల పద్దు, ఇలాంటివి తెచ్చేది దాదాపు ఆడవాళ్ళే. పేరు అడిగితే మాత్రం, “మా ఆయన పేరు రాయండి”, “పెద్దోడి పేరు రాయి తల్లీ, నాదెందుకులే” అంటారు. నలభై ఏళ్ళు ఆ రాయి తిప్పిన చెయ్యి ఆమెది, దాత ఇంకొకరు! మ్యూజియంలో చరిత్ర అద్దాల బీరువాలోకి చేరకముందే, రిజిస్టర్‌లోనే ఒకసారి రాయడం అయిపోతుందని ఆ గదిలో కూర్చున్నాకే నాకు అర్థమైంది.

నిజానికి మన నేలమీద ఈ గడి ఎప్పుడూ ఇలాగే లేదు. అమరావతి స్తూపానికి రాళ్ళిచ్చినవాళ్ళ శాసనాలు చూడండి. భిక్షుణులున్నారు, ఉపాసికలున్నారు, గృహస్థుల భార్యలు, కూతుళ్ళు తమ పేర్లతో ఉన్నారు. నాగార్జునకొండలో మహాచైత్యానికి దాత ఇక్ష్వాకు రాజు సోదరి చాంతిసిరి. ఆ ఇంటి మగవాళ్ళు వైదిక యజ్ఞాలు చేస్తుంటే ఆడవాళ్ళు బౌద్ధానికి దానాలిచ్చారని చరిత్ర పుస్తకాలు ఒక వింతలాగా చెప్పి ఊరుకుంటాయి. నన్ను ఆపేది వేరే సంగతి. దానం చేసిన మనిషి ఫలానా అని రాతిమీద చెక్కించుకోవడానికి ఆ స్త్రీలు మొహమాటపడలేదు.

అదే బౌద్ధం మా పక్కకీ వచ్చింది. దొనకొండ దగ్గర చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున కొండమీద మహాస్తూపం ఉంది. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి దాన్ని గుర్తించారు. 1972 నుంచి 1977 దాకా తవ్వకాలు జరిగాయి. పశ్చిమ ప్రకాశంలో పాతకాలపు వస్తువులు ఉన్నచోటనే భద్రపరచాలన్న ప్రయత్నానికి మా కళ్ళముందున్న ఉదాహరణ ఇదే. కానీ 2000 ప్రాంతంలో అక్కడి శిల్పాలు దొంగల పాలయ్యాయి. అందులో ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులున్న సున్నపురాతి పలక, న్యూయార్క్ వ్యాపారి చేతిమీదుగా 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. వాళ్ళు పెట్టిన ధర సుమారు 6 లక్షల అమెరికన్ డాలర్లు. చందవరంలో ఉన్నప్పుడు తీసిన పాత ఫొటో బయటపడ్డాక కాదనడానికి వీల్లేకపోయింది. 2016లో ఆ రాయిని భారతదేశానికి తిరిగి అప్పగించారు. అంత దూరం పోయినదాన్ని వెనక్కి రప్పించింది తాళాలూ కాదు, కాపలా కూడా కాదు. ఎవరో శ్రద్ధగా తీసి దాచిన ఒక ఫొటో.

అందుకే మేం విగ్రహాలు, శాసనాలు ఎవరు తెచ్చినా తీసుకోం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటినవి పురావస్తువులు, రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. శిల్పాల్లాంటివి ఎవరి దగ్గరున్నా నమోదు చేయించాలి. వీధిగదికి అంత బరువు వద్దు. వివరం చెప్పి, ఫొటో తీసుకుని, ప్రభుత్వ పురావస్తు శాఖకి చెప్పమని పంపేస్తాం. మా రిజిస్టర్‌లో ఫొటో అంటించకుండా ఏ వస్తువూ బీరువా ఎక్కదు.

రాళ్ళ సంగతి అలా ఉంటే, రాతల్లో జరిగే దొంగతనాలకి ఫొటోలుండవు. కంభం చెరువునే తీసుకోండి. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకి 57 అడుగుల ఎత్తున కట్ట వేశారని 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్ కూడా చెబుతుంది. దాన్ని కట్టించింది వరదరాజమ్మ అనే విజయనగర రాణి అని మా వైపు ఐతిహ్యం. ఇంకో కథ కూడా ఉంది. కృష్ణదేవరాయలు పెళ్ళాడి పక్కనపెట్టిన గజపతుల ఆడపడుచు కంభంలో ఒంటరిగా బతికిందనీ, తన బాధని అయిదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందనీ అంటారు. ‘తుక్కాపంచకం’ పేరుతో ఉన్న ఆ శ్లోకాలు 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగార్ వేసిన విజయనగర చరిత్ర ఆధారాల సంపుటిలో అచ్చయ్యాయి. ఇద్దరూ ఒకరేనని కొందరు, కాదని కొందరు. రాయల దండయాత్రలు తేదీలతో సహా చెప్పగలిగిన మనకి, ఆయన భార్య పేరు దగ్గరికొచ్చేసరికి తుక్కా, జగన్మోహిని, వరదరాజమ్మ అని మూడు మాటలు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ఈ చెరువుని వారసత్వ కట్టడంగా గుర్తించింది. మంచిదే. మట్టి మోసిన ఆడవాళ్ళ సంగతి సరే, కట్టించిందని చెప్పుకునే రాణికే ఒక స్థిరమైన పేరు లేకుండా పోయింది.

ముద్దుపళని విషయం ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అయినా ఒక్క వివరం గుర్తుచేస్తాను. ‘రాధికా సాంత్వనము’ పాత అచ్చులో తీసేసినవి శృంగార పద్యాలు మాత్రమే కాదు, ఆమె తన వంశం చెప్పుకున్న పీఠిక కూడా. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో మళ్ళీ పూర్తిగా వేయించబట్టి ఆ పేర్లు మనకి దక్కాయి. పరిష్కర్త కత్తెర ఎక్కడ పడుతుందో చూడండి. ‘దాత’ గడి అంటే నాకంత పట్టింపు అందుకే.

ఇక మా ఊరి అసలు వస్తువు పలక. రాయలసీమలోనూ కోస్తాలోనూ ఎన్ని తరాలు మార్కాపురం రాతిపలక మీద అక్షరాలు దిద్దాయో! గనిలో రాయి తీయడం, ఉలితో పొరలు విడదీయడం, కొలతకి కోయడం, నున్నగా రుద్దడం, చెక్క చట్రం బిగించడం, డజన్ల లెక్కన కట్టడం, ఇన్ని చేతులు మారితేనే ఒక పలక. అందులో చాలా పని ఆడవాళ్ళు, పిల్లలు చేశారు. తోటిపిల్లల కోసం పలకలు తయారుచేస్తూ బడి మొహం చూడని పిల్లల గురించి తర్వాత పరిశోధకులు రాశారు. రాతిధూళి ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గుతో మంచాన పడ్డ ఇళ్ళున్నాయి. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక రాతపలక తగ్గిపోయి, రాయి ఇళ్ళ గోడలకీ నేలకీ అలంకారంగా ఎగుమతి బాట పట్టింది. ఆ పాత షెడ్లలో పని చేసినవాళ్ళు వెళ్ళిపోతే, చట్రం ఎలా బిగిస్తారో చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

అందుకని వస్తువులతోబాటు మాటలు కూడా రికార్డు చేస్తున్నాం. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మాకు దారి. అంతకు చాలా ముందే మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియతులు రాయించుకున్నారు. కానీ వాటిల్లో ఊరి కథ చెప్పింది ఎక్కువగా కరణాలు, పెద్దమనుషులు. ఊరి బావి దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఏ కైఫియతులో దొరుకుతుంది?

డబ్బు సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా ఊహాలోకం అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘం పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురం దొరికాం. కరెంటు బిల్లు, వెండిచేపల బెడద, తాటాకులకి నిమ్మగడ్డి నూనె, వారానికి రెండు రోజులు గది తెరిచే అమ్మాయి జీతం, వీటికి చందాలు రావు. భవనానికి, శిలాఫలకానికి, తలుపు మీద పేరుకి వస్తాయి. ఊడ్చి, తుడిచి, రిజిస్టర్ రాసే మనిషికి జీతమిచ్చామని ఎవరూ ఫలకం వేయించుకోరు కదా. ఇంటి పనికి కూలి లేనట్టే ఈ పనికీ లేదు. ‘సేవ’ అని దణ్ణం పెట్టేస్తారు.

పెరగడం అంటే ఏమిటని తెలుసుకోవడానికి రెండుచోట్లకి వెళ్ళొచ్చాం. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1929లో గాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఊరివాళ్ళు కట్టుకున్న గ్రంథాలయం పాత పత్రికల కట్టల కోసం ఎక్కడెక్కడి పరిశోధకుల్నో రప్పించుకుంటోంది. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, సి.పి. బ్రౌన్ ఉన్నచోటే ఆయన పేర గ్రంథాలయం నిలబెట్టారు. 2006లో అది యోగివేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్ళింది. ఆయన 2014లో పోయారు. ఒక మనిషి కాళ్ళమీద నడిచిన సంస్థని ఆయన ఉండగానే పెద్ద సంస్థకి అప్పగించడం తెలివైన పని అని నా అభిప్రాయం. సొంతం పోతుందని బాధపడేవాళ్ళున్నారు, పుస్తకాలు పోవడం కంటే అది నయం.

మా ప్రాంతానికైతే ఇంకో కష్టముంది. 1970 దాకా కర్నూలు జిల్లా, తర్వాత ఒంగోలు, 2025 చివర్లో మార్కాపురం పేరుతోనే కొత్త జిల్లా. కాగితాలు మాత్రం మనుషులంత తొందరగా జిల్లాలు మారవు. పాత భూమి రికార్డులో అమ్మమ్మ పేరు వెతకాలంటే ఎన్ని ఊళ్ళు తిరగాలి! జిల్లా అయింది కాబట్టి ప్రభుత్వమే పెద్ద మ్యూజియం కడుతుందనీ, మీ గది ఎందుకనీ ఇప్పుడు అడుగుతున్నారు. కడితే సంతోషమే. మా రిజిస్టర్ నకలు ముందుగా వాళ్ళకే ఇస్తాం.

ఈమధ్య ఇంకో మాట ఎదురైంది. పలకల షెడ్డులో చిన్నప్పుడు పనిచేసిన ఒకామె రెండు గంటలు మాట్లాడింది. రుద్దుడు రాయి కూడా ఇచ్చింది. పేరు రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మొగుడి పేరూ వద్దంది, తన పేరూ వద్దంది. పిల్లలకి ఇప్పటిదాకా చెప్పలేదట. వెతికి వెతికి స్త్రీల పేర్లు నిలబెట్టాలని కూర్చున్నవాళ్ళం, ఆమెకి ఏం చెప్పగలం? “దాత: తన పేరు రాయవద్దన్న స్త్రీ, పలకల కార్మికురాలు” అని చదివి వినిపించాను. “కార్మికురాలు ఉంచు,” అంది. పేరు విడిగా కవరులో పెట్టి, ఎప్పుడు తెరవాలో ఆమెనే రాయమన్నాం. సంతకం చేసి, తేదీ గడి ఖాళీగా వదిలి వెళ్ళింది.