గుండ్లకమ్మ యొడ్డున నొకదినము

కోటివిద్యలును కూటికొరకే యని మన పెద్దలమాట. మనలను గూర్చి మనము చెప్పుకొన్నపుడు అది నవ్వుమాట. పొరుగువాని భక్తిమీద విసరినపుడు మాత్రము అది గట్టిదెబ్బ. 1878వ సంవత్సరమున ఒంగోలు ప్రాంతమున వేలకొలది బీదలపై ఈ మాట పడినది. ఆ కథను నేడు తమకు మనవి చేసెదను.

ఆనాడు ఒంగోలు నెల్లూరుజిల్లాలోనిది. 1876లో వానలు తప్పెను. మరుసటియేడును సరిగా కురియలేదు. ధాన్యపుధర మండిపోయెను, పశువులు చచ్చెను. సొంతభూమి లేక, తోలుపనియు కూలిపనియు చేసికొని బ్రదుకు మాదిగపల్లెలకు కరవు అందరికంటె ముందుగా తగిలెను. రైతు గాదె యడుగంటకముందే వారి కుండ యడుగంటెను.

అప్పుడు ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనువారగు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారుండిరి. వారు 1866లో ఆ యూరికి వచ్చినవారు. యౌవనమున భూమికొలతపని నేర్చినవారగుటచే, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని, తమ బోధకులనే పనివారిపై మేస్త్రీలుగా నిలిపిరి. నానాకులములవారు వేలకొలది ఆ శిబిరమునకు వచ్చిరి. విశ్రాంతివేళల బోధకులు వారినడుమ గూర్చుండి దైవకృపను గూర్చి మాటలాడుచుండిరి. వినినవారు తమకు బాప్తిస్మ మిమ్మని యడుగసాగిరి.

దొరగారు ఒప్పుకొనలేదు. పదునైదు నెలలపాటు బాప్తిస్మములను నిలిపివేసిరి. గంజికొరకు వచ్చుచున్నారేమో యను శంక మొదట వారికే కలిగినది. ఈ నిరాకరణమును మెచ్చుకొనువారు పలువురు. నాకుమాత్రము అంత తేలికగా మెచ్చ మనసొప్పదు. అది కలరాయు కరవును గలసి తిరిగిన కాలము. అడిగి, పొందక, కన్నుమూసినవారు లేకుందురా? జాగ్రత్త యనునదియు నొకవిధమగు తీర్పే.

అయినను ఆయన కఠినచిత్తులని యనుటకును వీలులేదు. దీనికి వెనుక మరియొక కథ యున్నది. ఒంగోలునకు వచ్చిన తొలిదినములలో అగ్రకులములవారు కొందరు ఆయనతో స్నేహము చేసి, తమ పిల్లలను ఆయన బడికి బంపుచుండిరి. అంతలో యర్రగుంట్ల పేరయ్యగారు వచ్చిరి. ఆయన మాదిగ కులస్థుడు. పూర్వము రాజయోగమార్గమున గురూపదేశము పొందినవాడు. ఆయనవెంట ఆయనవారును రాసాగిరి. వీరిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దకులములవారు స్పష్టముగా జెప్పిరి. దొరగా రొకగదిలోను, వారి భార్య వేరొకగదిలోను, ఒకరి సంగతి యొకరికి దెలియకయే బైబిలు తెరచిరట. ఇరువురి చూపును పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో నొక్కచోటనే నిలిచెనట. లోకము తక్కువవారని త్రోసివేసినవారినే దేవుడు ఏర్పరచుకొనెనను భాగమది. కాకతాళీయ మనువారు అనవచ్చును. తరువాత జరిగినదిమాత్రము వాస్తవము. పెద్దకులముల పిల్లలు బడి విడిచిపోయిరి. పేరయ్యగారివారికి తలుపు మూయబడలేదు. ఆనాటి విధేయతవలన దొరగారికి కనబడిన ఫలము నష్టమే.

ఇక 1878 జూను. ఒంగోలునకు ఉత్తరముగా, సుమారు పదిమైళ్ల దూరమున, గుండ్లకమ్మచెంత వెల్లంపల్లి యున్నది. బోధకులు మాత్రమే యచ్చటికి రావలసినదని దొరగారు కబురంపగా, వారివెనుక వేలజనము వచ్చెను. ఇక నీయదగిన సహాయ మేమియు లేదు, ఇండ్లకు బొండని ఆయన చెప్పిరి. వారు కదలలేదు. తాము సహాయమునకు రాలేదనియు, కష్టపడి పనిచేసితి మనుటకు తమ యరచేతుల బొబ్బలే సాక్షి యనియు, పంట పోయి చావవలసివచ్చినను క్రైస్తవులుగనే చావ గోరుచున్నామనియు జెప్పిరి. ఆ చేతులు చూచినపిమ్మట ఆయన శంక నిలువలేదు.

జూలై 3వ తేదిని, ఒక్కదినముననే, 2222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సర మొంగోలు సంఘమున జేరినవారు తొమ్మిదివేలకు పైచిలుకు.

అంతట నాక్షేపణలు బయలుదేరెను. వీరు అన్నమునకు మతము మార్చుకొన్నవారని కొందరు. ఇంత తొందర తగదని స్వమతస్థులలోనే కొందరు. యోహాను సువార్తలో యేసు తన వెంటబడిన గుంపును, రొట్టెలు తినుటచేతనే నన్ను వెదకుచున్నారని మందలించిన ఘట్టము గలదు. ఆక్షేపించువారు దానిని జూపవచ్చును. కాని యట్లు మందలించినవాడే ముందుదినమున ఆ గుంపును పచ్చికపై గూర్చుండబెట్టి భోజనము పెట్టినవాడు. పెట్టునపుడు ఎవని యాకలి యెట్టిదని యడుగలేదు.

మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కథయు నిట్టిదే. ఉదయమున వచ్చిన కూలివానికిని, ప్రొద్దుగ్రుంకుటకు గంటముందు వచ్చినవానికిని యజమాను డొక్కటే కూలి యిచ్చెను. మొదటివారు సణిగిరి. వారి సణుగుడు మనకు దెలిసినదే. మడికోతనాడు మనమును సణుగుదుము. కడపట వచ్చినవారు అంతవరకు ఊరక నిలుచుటకు గారణము సోమరితనము గాదు, వారిని పిలిచినవారు లేకపోవుటయే. మాదిగపల్లెలను గూర్చి యింతకంటె చెప్పవలసిన దేమున్నది? తరతరములుగా వారిని ఏ గుడియు లోనికి బిలువలేదు.

తగవు తీర్చు పెద్దలు మీరు. గట్టురాయి యెచ్చట నుండెనో, ఎవ డెంత జరిపెనో మీరు కొలిచి చెప్పగలరు, చెప్పవలయును గూడ. క్లౌ దొరగారును గొలుసుపట్టి కాలువను మూరలకొలది కొలిచినవారే. ఒకడు దేవునికడ కే యాకలితో వచ్చెనో కొలుచుటకు ఆ గొలుసు పదునైదు నెలలు ప్రయత్నించి, చాలకపోయెను.

కరవు గడచి వానలు కురిసినపిమ్మటను ఆ పల్లెలలో పెక్కు లీ మార్గమును విడువలేదు. పండ్రెండేండ్లకు, 1890 డిసెంబరు 28వ తేదిని, ఒంగోలులో ఒక్కదినమున మరి 1671 మంది బాప్తిస్మము పొందిరి. అప్పుడు త్రవ్వుటకు కాలువయు లేదు, పంచుటకు కరవుగింజలును లేవు.

వెల్లంపల్లి దినమునుగూర్చి యొక్క సంగతి చెప్ప మరచితిని. ఆనాడు బాప్తిస్మ మిచ్చినది దొరగారు గారు. ఆరుగురు తెలుగు బోధకులు వంతులువేసికొని, ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, ఉదయమున మొదలుపెట్టి, మధ్యాహ్నపు టెండవేళ కొంతసేపు ఆపి, మరల దిగి, సాయంకాలమునకు ముగించిరి.